పియానో స్థానంలో తీగలు: రొమాంటిక్ చెల్లో రచనలకు స్ట్రింగ్ ఆర్కెస్ట్రా అరేంజ్‌మెంట్

పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ స్వరకర్తలు చెల్లో కోసం రాసిన చిన్న రచనల్లో ఎక్కువ భాగం పియానో తోడుతో వాయించేవి. ఆ పియానోను తప్పించి, మొదటి వయోలిన్లు, రెండో వయోలిన్లు, వయోలాలు, చెల్లోలు, డబుల్ బాస్‌లు అనే ఐదు వరుసల బృందంతో సోలో చెల్లోకు కొత్త తోడు రాయడం ఒక ప్రత్యేక విద్యగా ఎదిగింది. నాలుగు వాద్యాల క్వార్టెట్‌ను బృందానికి సరిపడా పెంచడం, సుషిర వాద్యాలున్న పూర్తి ఆర్కెస్ట్రా రచనను తీగలకు కుదించడం కూడా ఈ విద్యలో భాగాలే.

చూడడానికి ఇది ఒక కాగితం మీది స్వరాలను మరో కాగితం మీదికి ఎక్కించే పనిలా ఉంటుంది. అసలు చిక్కు ధ్వని స్వభావంలో ఉంది. పియానో మెట్టు నొక్కిన మరుక్షణం నుంచే స్వరం సన్నగిల్లడం మొదలుపెడుతుంది. కమానుతో లాగిన చెల్లో స్వరం అలా తగ్గదు, వాయించేవారు కోరుకుంటే పెరుగుతుంది కూడా. పియానో పక్కన చెల్లో స్పష్టంగా వినబడడానికి సగం కారణం ఇదే: తోడు స్వరం ఎప్పటికప్పుడు తగ్గుతూ పాటకు దారి ఇస్తుంది. తీగల బృందం వచ్చేసరికి ఈ సౌకర్యం పోతుంది. తోడు స్వరమూ నిలబడుతుంది, పైగా అది అదే జాతి వాద్యాల నాదం. పియానో తనంతట తానుగా ఇచ్చిన ఖాళీని తీగల మధ్య మళ్లీ ఎలా కల్పించాలన్నదే అరేంజర్ ముందున్న అసలు ప్రశ్న. ఈ రంగంలోని మంచి పనితనమంతా దానికి దొరికిన జవాబులే.

చెల్లో, దాని కాలం

చెల్లోకు నాలుగు తీగలు. మంద్రం నుంచి వరుసగా సి, జి, డి, ఏ. లావుపాటి సి తీగ సెకనుకు సుమారు 65 కంపనాలతో, సన్నని ఏ తీగ 220 కంపనాలతో మోగుతాయి. బరోక్ కాలంలో ఈ వాద్యం ఎక్కువగా బాస్ వరుసను మోసేది. పంతొమ్మిదో శతాబ్దానికి అది పాడే వాద్యంగా మారింది. బెల్జియంలో సెర్వే, రష్యాలో దవీదోవ్, ఇటలీ నుంచి ఇంగ్లండ్ చేరిన పియాత్తి, ప్రాగ్‌లో పుట్టిన పాపర్ వంటి వాద్యకారులు దాని పై స్థానాలను ధైర్యంగా వాడారు. వాద్యాన్ని నేల మీద నిలిపే ఇనుప మొనను వాడుకలోకి తెచ్చిన ఘనత సెర్వేది. అది వచ్చాక ఎడమ చేయి బరువు మోయడం మాని స్వేచ్ఛగా కదిలింది. ఏ తీగ మీద పైపైకి వెళ్లే పాటలకు ఆ స్వేచ్ఛే ఆధారం.

ఆనాటి తీగలు జంతువుల పేగుతో చేసినవి. నేటి ఉక్కు తీగల నాదం మరింత దూరం చేరుతుంది, అంచు కూడా పదునుగా ఉంటుంది. అందువల్ల ఇవాళ్టి సోలో వాద్యకారుడు బృందం మీదుగా వినబడడం కొంత తేలికైంది. అయితే బృందం కూడా ఉక్కు తీగలే వాడుతుంది కాబట్టి ఈ లాభాన్ని ఎక్కువ చేసి చూడకూడదు.

స్వరకర్తల చేతి పని

చెల్లో, స్ట్రింగ్ ఆర్కెస్ట్రాల జోడీకి స్వరకర్త స్వయంగా ఇచ్చిన గొప్ప నమూనా చైకోవ్‌స్కీ రాసిన 'అందాంతే కాంతాబిలే'. ఇది మొదట 1871లో రాసిన డి మేజర్ క్వార్టెట్, ఓపస్ 11లో రెండో భాగం. దాని మొదటి పాటకు మూలం ఉక్రెయిన్‌లోని కామెంకాలో, సోదరి కుటుంబం ఉండే ఎస్టేట్‌లో ఆయన విన్న జానపద గీతం. 1876 చివర మాస్కోలో ఈ భాగం వింటూ పక్కనే కూర్చున్న టాల్‌స్టాయ్ కన్నీళ్లు పెట్టుకున్నాడని చైకోవ్‌స్కీ తన డైరీలో రాసుకున్నాడు. 1888లో పారిస్ పర్యటన సమయంలో, చెల్లో వాద్యకారుడైన మిత్రుడు అనతోలీ బ్రాండుకోవ్ కోసం ఆయన దీన్ని సోలో చెల్లో, తీగల బృందాలకు మార్చాడు.

ఆ మార్పులో శ్రద్ధగా చూడవలసింది శ్రుతి. క్వార్టెట్‌లో బి ఫ్లాట్ మేజర్‌లో ఉన్న సంగీతాన్ని చైకోవ్‌స్కీ అర స్వరం పైకి, బి మేజర్‌కు తెచ్చాడు. కాగితం మీద చిన్న మార్పే అయినా తీగ వాద్యాల మీద దీని ప్రభావం చాలా పెద్దది. వేలు పెట్టకుండా ఖాళీగా మోగే తీగల నాదం మెరుస్తూ బయటికి వస్తుంది. వేలు పెట్టిన స్వరాలకు కూడా, శ్రుతిలో కలిసే ఖాళీ తీగలు పక్కన కంపిస్తూ బలమిస్తాయి. బి ఫ్లాట్ మేజర్‌లో సి, జి, డి, ఏ తీగలు నాలుగూ స్వరావళిలో ఉన్నాయి. బి మేజర్‌లో వయోలిన్ల ఈ తీగ, డబుల్ బాస్ ఈ తీగ తప్ప మరేదీ లేదు. అంటే బృందమంతా దాదాపుగా వేలు పెట్టిన స్వరాల మీదే నడుస్తుంది, నాదం మృదువుగా, ముసుగు వేసినట్టు అవుతుంది. మధ్య భాగంలో పరిస్థితి తలకిందులవుతుంది. క్వార్టెట్‌లో డి ఫ్లాట్ మేజర్‌లో ఉన్న ఆ భాగం ఇప్పుడు డి మేజర్‌లో పడింది. జి, డి, ఏ, ఈ తీగలన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. సోలో చెల్లో రెండో పాట ఎత్తుకునే చోట వెలుగు పెరగడం అరేంజర్‌గా చైకోవ్‌స్కీ సాధించిన అసలు విజయమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆయనే పియానో కోసం 1873లో రాసిన సి షార్ప్ మైనర్ నాక్టర్న్‌ను, ఓపస్ 19లో నాలుగోదాన్ని, చెల్లో, చిన్న ఆర్కెస్ట్రాల కోసం డి మైనర్‌కు మార్చాడు. అక్కడ కూడా జరుపు అర స్వరమే, పైకే. ఫలితం మాత్రం వేరు. డి మైనర్‌లో చెల్లో తీగలు నాలుగూ స్వరావళిలో ఉంటాయి కనుక విషాద గీతం కూడా నిండుగా మోగుతుంది. అర స్వరం జరపడం ఒకచోట మెరుపు తగ్గించింది, మరోచోట పెంచింది. శ్రుతి మార్చాలా వద్దా అన్నదానికి సూత్రం లేదు. ప్రతి రచనకూ ఐదు వరుసల ఖాళీ తీగలను రాసుకుని లెక్క చూసుకోవాల్సిందే.

ద్వోర్జాక్ 'బొహీమియా అడవి నుంచి' అనే నాలుగు చేతుల పియానో సంపుటి (1883–84, ఓపస్ 68) నుంచి 'నిశ్శబ్దారణ్యం' అనే భాగాన్ని 1891లో చెల్లో, పియానోల కోసం, 1893లో చెల్లో, ఆర్కెస్ట్రాల కోసం తిరగరాశాడు. చెల్లో వాద్యకారుడు హనూష్ విహాన్‌తో కలిసి చేయబోయే కచేరీ పర్యటన కోసమే మొదటి మార్పు జరిగింది. డి ఫ్లాట్ మేజర్‌లో సి తప్ప ఖాళీ తీగలేవీ కలవవు. ఆ శ్రుతిని ఆయన అలాగే ఉంచాడు. అడవి నిశ్శబ్దానికి ఆ నాదమే సరిపోయింది.

పియానో రాతను తీగలకు ఎలా మార్చాలో చెప్పే పాఠ్యపుస్తకం వంటి రచన ఒకటుంది, అది చెల్లో రచన కాకపోయినా ఇక్కడ చెప్పక తప్పదు. నాటకకర్త లుడ్విగ్ హోల్బర్గ్ ద్విశత జయంతికి నార్వే స్వరకర్త గ్రీగ్ 1884లో రాసిన పియానో సూట్‌ను, మరుసటి ఏడాది తానే స్ట్రింగ్ ఆర్కెస్ట్రాకు మార్చాడు. తొలి భాగంలో పియానో రెండు చేతుల మధ్య పరుగెత్తే స్వరాలను ఆయన తీగలకు ఉన్నవి ఉన్నట్టు ఇవ్వలేదు. ఒకే స్వరాన్ని కమానుతో పదేపదే కొట్టే చురుకైన లయగా మార్చాడు. పియానోకు సహజమైన కదలిక స్థానంలో కమానుకు సహజమైన కదలిక వచ్చింది. చాలామంది శ్రోతలకు తీగల రూపమే అసలైనదిగా అనిపించడానికి కారణం ఇదే. పియానో అరేంజ్‌మెంట్‌కు కూర్చునే ప్రతి విద్యార్థీ ఈ రెండు స్కోర్లనూ పక్కపక్కన పెట్టుకుని, బార్ తర్వాత బార్ పోల్చి చూడాలి.

ఏ రచన తీసుకోవాలి

షూబర్ట్ 1824 నవంబరులో వియన్నాలో రాసిన ఏ మైనర్ సొనాటా ఈ పనికి ఎప్పుడూ మొదట గుర్తుకొచ్చే రచన. దాని అసలు వాద్యం చెల్లో కాదు. అంతకు ముందు ఏడాది వియన్నా వాద్య నిర్మాత స్టాఫర్ తయారుచేసిన ఆర్పెజియోనే అనే ఆరు తీగల వాద్యం అది. గిటారులా మెట్లు, గిటారు శ్రుతి, చెల్లోలా కమాను. వాద్యం త్వరలోనే కనుమరుగైంది. సొనాటా మాత్రం 1871లో అచ్చయ్యాక చెల్లో వాద్యకారుల సొత్తయింది. స్పెయిన్ చెల్లో వాద్యకారుడు గాస్పర్ కసాదో దాన్ని ఆర్కెస్ట్రాతో కాన్సర్టోగా మార్చాడు. తీగల బృందానికి మార్చినవారూ ఉన్నారు. వీరందరినీ అది ఆకర్షించడానికి కారణం పియానో భాగం పలుచన కావడం. పాట మొత్తం పై వాద్యానిది, తోడు నిరాడంబరమైన కార్డ్‌లు, తేలికైన నడకలు. ఆ రాత తీగలకు దాదాపు సిద్ధంగా ఉంది.

దీనికి ఎదురుగా బ్రామ్స్ ఈ మైనర్ సొనాటా, షోపాన్ జి మైనర్ సొనాటా నిలుస్తాయి. వీటిలో పియానో తోడు వాద్యం కాదు, సమాన భాగస్వామి. షోపాన్ రాతలోని ప్రతి మలుపూ పియానో మీద పది వేళ్లు ఎలా పడతాయో అన్నదాని నుంచి పుట్టింది. దాన్ని తీగలకు పంచితే సంభాషణ స్థానంలో గందరగోళం వస్తుంది. సోలో వాద్యకారుడి కోరిక మీద ఇలాంటి ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నా, ఈ సొనాటాలను పియానోకే వదిలేయడం మేలు.

పూర్తి ఆర్కెస్ట్రా నుంచి తీగలకు కుదించేటప్పుడు సమస్య వేరే రకంగా వస్తుంది. చైకోవ్‌స్కీ 'రొకోకో వేరియేషన్స్' (1877లో తొలి ప్రదర్శన) ఆర్కెస్ట్రా చిన్నదే: జంటలుగా ఫ్లూట్లు, ఒబోలు, క్లారినెట్లు, బాసూన్లు, రెండు హార్న్‌లు, తీగలు. అయితే పాట ముగిసిన చోట సుషిర వాద్యాలు పలికే చిన్న అనుబంధ వాక్యం సోలోకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది, శ్రోత చెవికి రంగు మారుస్తుంది. తీగలే మిగిలినప్పుడు ఆ రంగు ఎక్కడి నుంచి తేవాలి? బృందంలో చేతికందే ఒకే పెద్ద వైవిధ్యం మనుషుల సంఖ్య. ఆ వాక్యాన్ని ప్రతి వరుసలోనూ మొదటి వాద్యకారుడికి మాత్రమే ఇచ్చి, నలుగురి క్వార్టెట్‌గా పలికిస్తే సుషిర వాద్యాల స్వభావానికి కొంత దగ్గరవుతుంది. మొత్తం బృందానికి ఇస్తే ఆ వాక్యం పనే పోతుంది.

సోలోకు చోటు

ఒకే రకం గొంతున్న అన్నదమ్ముల ఇంట్లో ఫోన్ ఎత్తింది ఎవరో పోల్చుకోలేనట్టే, తీగల బృందంలో సోలో చెల్లో సులువుగా కలిసిపోతుంది. చెల్లో పాట ఎక్కువగా ఉండే చోటు దాని ఏ తీగ నుంచి ఆ పై స్థాయి దాకా. సరిగ్గా అదే చోట వయోలాలు, రెండో వయోలిన్లు సహజంగా మోగుతాయి. వయోలిన్ జి తీగ చెల్లో ఏ తీగకు ఒక స్వరం కిందే మొదలవుతుంది. పియానో కార్డ్‌లను వాటి స్థానాల ప్రకారం నేరుగా పంచితే మధ్య వరుసలన్నీ సోలో చుట్టూ గుమిగూడతాయి. మొదటిసారి ఈ పని చేసినవారి స్కోర్లలో తరచూ కనబడే లోపం ఇదే.

దీనికి అనుభవజ్ఞులు కొన్ని దారులు వాడతారు. సోలో ఉన్న స్థాయిని ఖాళీగా ఉంచి, కార్డ్‌ను దాని కిందికీ పైకీ తెరవడం మొదటిది. అప్పుడు డబుల్ బాస్, బృంద చెల్లోలు కింద, వయోలిన్లు బాగా పైన పల్చగా ఉంటాయి, వయోలాలు చాలాచోట్ల మౌనంగా ఉంటాయి. రెండో దారి బాస్‌ను పైకి ఎత్తడం. సోలో మంద్ర స్థాయిలో సి, జి తీగల మీద పలికేటప్పుడు బృంద చెల్లోలనూ డబుల్ బాస్‌లనూ తొలగించి, వయోలాల చేత బాస్ వరుస పలికిస్తే, పాట హార్మనీకి అడుగున ఉండి కూడా స్పష్టంగా వినబడుతుంది. మూడోది, సోలో వాయించేంతసేపూ బృంద చెల్లోలను వీలైనంత వరకు నిశ్శబ్దంగానో, మీటుతూనో ఉంచడం. పాటను బృంద చెల్లోలతో కలిపి పలికించడం బలం చేకూర్చడమని కొందరు భావిస్తారు. నిజానికి అది సోలో వ్యక్తిత్వాన్ని చెరిపేస్తుంది. సోలో లేని చోట, బృందమంతా పలికే భాగాల్లో ఆ చెల్లోలను స్వేచ్ఛగా వాడవచ్చు.

డబుల్ బాస్‌ను చెల్లోతో కట్టివేయడం ఇంకో పాత అలవాటు. పియానో ఎడమ చేతి అష్టక స్వరాలకు చెల్లో, డబుల్ బాస్ జంట చక్కగా సరిపోతుంది. ఆ అలవాటును పాట మొత్తం మీద సాగదీస్తే అడుగు బరువెక్కుతుంది. డబుల్ బాస్ వరుసకు తరచూ విరామం ఉండాలి. ఎనిమిది బార్ల విరామం తర్వాత ఒక్క మీటిన స్వరంతో అది తిరిగి వస్తే, ఎన్ని కార్డ్‌లు చేర్చినా రాని లోతు వస్తుంది.

బృందం ఎంత పెద్దదిగా ఉండాలన్నదీ ఇక్కడే తేలుతుంది. చైకోవ్‌స్కీ తన 'స్ట్రింగ్ సెరినేడ్' (1880) స్కోరులో వాద్యకారులు ఎంత ఎక్కువైతే అంత తన కోరికకు అనుగుణమని రాశాడు. సోలో చెల్లో ముందున్నప్పుడు ఆ మాట చెల్లదు. ఆరుగురు మొదటి వయోలిన్లు, ఐదుగురు రెండో వయోలిన్లు, నలుగురు వయోలాలు, ముగ్గురు చెల్లోలు, ఒక డబుల్ బాస్ చాలు. పెద్ద బృందం ఉంటే సోలో భాగాల్లో వెనక వరుసల వారిని ఆపమని పార్టులోనే రాయడం మంచిది.

పెడల్ పోయాక

పియానోలో కుడి పెడల్ నొక్కితే అన్ని తీగలూ విప్పుకుంటాయి, వాయించిన స్వరాలన్నీ ఒకదానిలో ఒకటి కరుగుతాయి. రొమాంటిక్ రచనల్లో విశాలంగా విరిసే ఆర్పెజ్జోలు ఈ పెడల్‌ను నమ్ముకుని రాసినవి. కాగితం మీద పదహారు స్వరాలుగా కనబడేది చెవికి నాలుగు స్వరాల నిండైన కార్డ్‌గా వినబడుతుంది. తీగలకు ఆ పదహారు స్వరాలే ఇస్తే అవి పదహారుగానే, పొడిగా వినబడతాయి. అందుకే ఒక వరుసను రెండుగా విడదీసి, సగం మంది కదిలే స్వరాలు, మిగతా సగం ఆ కార్డ్‌లో ఒక స్వరాన్ని మెల్లగా నిలుపుతూ పలికేలా రాస్తారు. ఇంకో పద్ధతిలో కదిలే స్వరాలను మీటిస్తారు, వాటి అడుగున కమానుతో లాగిన పల్చని స్వరం ఉంటుంది. మీటిన స్వరం పియానో స్వరంలాగే వెంటనే సన్నగిల్లుతుంది. పియానో వదిలిపెట్టిపోయిన ఖాళీని ఇది నేరుగా తెచ్చిపెడుతుంది కనుక ఈ విద్యలో మీటడానికి అంత విలువ. అయితే వేగమైన పరుగులను ఎక్కువసేపు మీటించలేరు, కుడి చేయి అలసిపోతుంది.

సాన్‌సాన్స్ 'హంస' (1886) ఈ సమస్యకు పరీక్ష వంటిది. అసలు రచనలో చెల్లో కింద రెండు పియానోలుంటాయి, ఒకటి నిరంతరం జాలువారే స్వరాలతో, మరొకటి విడిపోయే కార్డ్‌లతో. తీగల మీద జాలువారే స్వరాలను ఒకే వరుసకు ఇస్తే కమాను మలుపుల శబ్దం నీటి మీద గీతల్లా పడుతుంది. రెండో వయోలిన్లకూ వయోలాలకూ సగం సగం పంచి, ఒకరు ఆపే స్వరం మీదే మరొకరు మొదలుపెట్టేలా రాస్తే ఆ మలుపులు కనబడవు. మ్యూట్ తగిలిస్తే ఇంకా మంచిది. కమానును వేళ్ల పలక వైపు జరిపి లాగడం కూడా నాదాన్ని పల్చన చేస్తుంది.

తగ్గే స్వరాన్ని కమానుతో రాయడం మరో పద్ధతి. ప్రతి పొడవాటి స్వరం మీద బలంగా మొదలై వెంటనే మెత్తబడే గుర్తు పెట్టడం, స్వరం నిడివిని రాసినదానికంటే కాస్త కుదించి తర్వాత చిన్న విరామం ఇవ్వడం, పెద్ద కార్డ్‌ను అందరూ ఒకేసారి కాకుండా వరుసలవారీగా విడిచేలా చేయడం. ఇవన్నీ చెప్పుకోవడానికి చిన్నవే, వినడానికి మాత్రం రచన ఊపిరి పీల్చుకోవడం మొదలవుతుంది.

పియానో స్కోరులో ట్రెమొలో కనబడితే తొందరపడకూడదు. అది అసలు ఆర్కెస్ట్రా రచనకు పియానో కుదింపైతే, ఆ వణుకు ఒకప్పుడు నిలిచిన స్వరమే అయి ఉండవచ్చు. పియానో నిలపలేదు కనుక అలా రాస్తారు. మూల ఆర్కెస్ట్రా స్కోరు చూడకుండా తీగలకు ట్రెమొలో రాసేస్తే లేని ఉద్రేకం వచ్చి పడుతుంది.

తెలుగు శ్రోతకు తీగల బృందం నాదం సినిమా పాటల ద్వారా సుపరిచితం. మద్రాసు స్టూడియోల్లో రికార్డయిన తెలుగు పాటల్లో వయోలిన్ల వరుసలు గాయకుడు ఆగిన చోట ఎగసి, పల్లవి అందుకోగానే పక్కకు తప్పుకోవడం చెవికి అలవాటే. సోలోకు చోటివ్వాలన్న సూత్రం అక్కడా ఇదే.

ఫోరే 'ఎలిజీ': ఒక ఉదాహరణ

గేబ్రియెల్ ఫోరే 1880లో రాసి, 1883లో ప్రచురించిన 'ఎలిజీ', ఓపస్ 24, సి మైనర్‌లో ఉంది. మొదట ఒక సొనాటాకు నిదాన భాగంగా దీన్ని అనుకున్నాడు. సొనాటా రాలేదు, ఈ భాగం ఒంటరిగా నిలిచింది. తర్వాత దీన్ని ఫోరేనే ఆర్కెస్ట్రాకు రాశాడు. 1901లో ఆ రూపాన్ని పాబ్లో కజాల్స్ సోలోగా, ఫోరే నిర్వహణలో వినిపించారు. అందులో సుషిర వాద్యాలున్నాయి. తీగలు మాత్రమే ఉన్న బృందాలు దీన్ని వాయించాలంటే మరో అరేంజ్‌మెంట్ కావాలి.

ఆరంభంలో పియానో బరువైన కార్డ్‌లను సమానంగా కొడుతూ ఉంటే, వాటి మీద చెల్లో గట్టిగా శోకగీతం ఎత్తుకుంటుంది. ఆ తర్వాత అదే గీతం చాలా మెత్తగా మళ్లీ వస్తుంది. కొట్టిన కార్డ్ ప్రతిసారీ తగ్గుతుంది కనుక పియానో మీద అది శవయాత్ర అడుగులా వినబడుతుంది. తీగల వారు ఆ స్వరాలను కలిపి లాగితే అడుగు పోయి, మూలుగు మిగులుతుంది. ప్రతి కార్డ్‌కూ కమానును ఒకే దిశలో, చిన్న ఎడంతో, స్వరం చివర వదిలేస్తూ నడిపించాలి. మొదటిసారి డబుల్ బాస్‌తో సహా అందరూ పలకాలి. మెత్తగా వచ్చే రెండోసారి డబుల్ బాస్ తప్పుకోవాలి, వయోలిన్లలో సగం మంది చాలు. రెండు సార్లూ ఒకే బృందాన్ని ఉంచి, మెత్తగా వాయించమని గుర్తు పెట్టడం తేలిక పని. ఫలితం కూడా అంతే తేలికగా ఉంటుంది.

సి మైనర్ డబుల్ బాస్‌కు ఒక చిక్కు తెస్తుంది. సాధారణ నాలుగు తీగల డబుల్ బాస్ కింది తీగ ఈ, సెకనుకు సుమారు 41 కంపనాలు. దాని కిందికి సి స్వరానికి దిగాలంటే ఐదో తీగ గానీ, మెడ మీద పొడిగింపు గానీ కావాలి. చాలా ఛాంబర్ బృందాల్లో అవి ఉండవు. కనుక ముఖ్యమైన విరమణల్లో డబుల్ బాస్ సి స్వరాన్ని పై స్థాయిలో, చెల్లోలతో ఏకస్వరంగా పలికేలా రాయడం క్షేమం. స్వరావళిలో దిగుతూ వచ్చి, మధ్యలో ఉన్నట్టుండి పై స్థాయికి ఎగరడం మాత్రం వికారంగా ఉంటుంది. ఎక్కడ ఎగరాలో వాక్యం మొదట్లోనే నిర్ణయించుకోవాలి.

ఏ ఫ్లాట్ మేజర్‌లో ఉన్న మధ్య భాగంలో కొత్త పాటను మొదట పియానో పలుకుతుంది, చెల్లో దాన్ని తర్వాత అందుకుంటుంది. ఈ భాగం ఎవరికి ఇవ్వాలి? మొదటి వయోలిన్ల వరుసకిస్తే మరీ మెరుస్తుంది, చెల్లో అందుకునేటప్పుడు రంగు తగ్గినట్టుంటుంది. ఒక్క వయోలాకు ఇవ్వడం సరైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దాని గొంతు చెల్లోకు బంధువే, అయినా కాస్త మసకగా, దూరంగా ఉంటుంది. చెల్లో వచ్చినప్పుడు అదే పాట దగ్గరికి వచ్చినట్టవుతుంది. తర్వాత సోలో వేగంగా ఎగసి, శోకగీతం పై స్థాయిలో గట్టిగా తిరిగి వచ్చే చోట పియానో అల్లకల్లోలంగా పరుగెడుతుంది. ఇక్కడ ట్రెమొలోను నిర్భయంగా వాడవచ్చు, అయితే వయోలిన్లను సోలోకు బాగా పైనో, వయోలాలను బాగా కిందో ఉంచి, నడుమ ఖాళీ వదలాలి. అలసట వచ్చే చోటు కూడా ఇదే గనుక సోలో వాద్యకారుడు బృందంతో పోటీపడే పరిస్థితి రానీయకూడదు.

ఇలాంటి రచనల్లో సోలో వాద్యకారుడు లయను సాగదీస్తూ, బిగిస్తూ వాయిస్తాడు. ఒక్క పియానిస్టు అతని ఊపిరి చూసి వెంట వెళ్లగలడు, ఇరవై మంది వెళ్లలేరు. అందుకని ఏదో ఒక వరుసకు, సాధారణంగా మీటే డబుల్ బాస్‌కో వయోలాకో, స్పష్టమైన అడుగును అప్పగించాలి. అందరినీ ఎదురు లయలో ఉంచితే కండక్టర్ ఉన్నా లేకున్నా బృందం చెదిరిపోతుంది.

స్కోరు, పార్టులు

స్కోరులో సోలో చెల్లో వరుస మొదటి వయోలిన్ల పైన ఉంటుంది. సోలో పార్టును మార్చకపోవడమే ఆనవాయితీ. పాత ప్రచురణలతో ఒక జాగ్రత్త అవసరం: ద్వోర్జాక్ వంటివారు బాస్ క్లెఫ్ తర్వాత నేరుగా ట్రెబుల్ క్లెఫ్ రాసినప్పుడు, పలికేది రాసినదానికి ఒక స్థాయి కింద అని అర్థం. ఈ సంగతి తెలియక పాటను ఒక స్థాయి పైకి పెట్టిన నకళ్లు పుడుతుంటాయి. ఇప్పుడైతే బాస్, టెనర్, ట్రెబుల్ క్లెఫ్‌లను పలికిన స్థాయిలోనే రాస్తారు. డబుల్ బాస్ పార్టు మాత్రం ఇప్పటికీ పలికేదానికంటే ఒక స్థాయి పైనే ఉంటుంది.

తీగల పార్టుల్లో కమాను దిశలు వరుసలన్నిటిలో పొంతనగా ఉండాలి. ఒకే స్టాండు ముందు ఇద్దరు కూర్చుంటారు. వరుస రెండుగా చీలినప్పుడు శ్రోతల వైపున్నవారు పై స్వరం, లోపలివారు కింది స్వరం పలకడం ఆచారం. పేజీ తిప్పేది లోపలివారే కనుక, తిప్పే చోట విరామం లేకపోతే కింది స్వరం మాయమవుతుంది. పొడవైన విరామం తర్వాత సోలో పార్టు నుంచి రెండు మూడు బార్లు చిన్న అక్షరాలతో రాసి పెడితే రిహార్సల్ సమయం కలిసివస్తుంది.

హక్కులు

భారతీయ కాపీరైట్ చట్టం (1957) సంగీత రచన అరేంజ్‌మెంట్‌ను అనుసరణగానే లెక్కిస్తుంది. మూల రచన రక్షణలో ఉంటే హక్కుదారు అనుమతి కావాలి. భారత్‌లో రక్షణ స్వరకర్త మరణించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు, యూరోపియన్ యూనియన్‌లో 70 ఏళ్లు. చైకోవ్‌స్కీ, ద్వోర్జాక్, సాన్‌సాన్స్, ఫోరే రచనలు ఈ లెక్కన ఎప్పుడో అందరివయ్యాయి. కొత్తగా చేసిన అరేంజ్‌మెంట్‌కు మాత్రం దాని కర్త పేరిట వేరే హక్కు పుడుతుంది. ఫోరే పాట 'కల తర్వాత'ను చెల్లో కోసం మార్చి ప్రసిద్ధం చేసింది కజాల్స్. ఆయన 1973లో మరణించాడు. ఆ చెల్లో రూపానికి భారత్‌లో 2033 చివరి వరకు, యూరోపియన్ యూనియన్‌లో 2043 చివరి వరకు రక్షణ ఉంటుంది. దాన్ని ఆధారం చేసుకుని తీగల తోడు రాయదలచినవారు అనుమతి తీసుకోవాలి, లేదంటే ఫోరే రాసిన అసలు గాత్ర పాట దగ్గరికి వెళ్లి అక్కడి నుంచి తమ పని మొదలుపెట్టాలి.